తెలుగువాళ్లు కొరియన్ నేర్చుకోవాలంటే: ఏది సులువు, ఏది కష్టం, పద్ధతులు ఎంత తెలియాలి

ప్రశ్న అడిగినవారు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నారు. కొరియన్ సీరియళ్లు చూస్తూ ఆ భాష మీద ఇష్టం పెంచుకున్నారు. వారి సందేహాలు క్లుప్తంగా ఇవీ: తెలుగువాళ్లకు కొరియన్ కష్టమా? సొంతంగా నేర్చుకోవచ్చా? భాషతో పాటు వాళ్ల ఆచార వ్యవహారాలూ చదవాలా? దీంతో ఉద్యోగం వస్తుందా?

ముందు సూటిగా జవాబు చెప్తాను. సొంతంగా మొదలుపెట్టొచ్చు. లిపి వారం పది రోజుల్లో వచ్చేస్తుంది. వాక్యం కట్టడం మనకు ఇంగ్లిష్ కంటే కూడా సులువు. వినడం, పలకడం మాత్రం కష్టం, అక్కడ ఓపిక కావాలి. ఇక ఆచారాల సంగతికొస్తే, వాటిని భాష నుంచి విడదీసి పక్కన పెట్టడం కుదరదు. ఎదుటి మనిషి మనకు ఏమవుతారో తేల్చుకోకుండా కొరియన్‌లో ఒక్క వాక్యం కూడా ముగించలేం. వయసు, హోదా, చుట్టరికం, పరిచయం, అన్నీ క్రియాపదం చివర్లో కనిపిస్తాయి. అందుకే నా విద్యార్థులకు మొదటి రోజు నుంచే రెండూ కలిపి చెప్తాను.

నేను కొరియాలో చదువుకుని వచ్చాను. ఇప్పుడు పెనుకొండ వైపు కార్ల విడిభాగాలు తయారుచేసే కంపెనీల్లో ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేస్తూ, సాయంత్రాలు ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్తుంటాను. కింద రాసినదంతా దక్షిణ కొరియా గురించే. ఉత్తరాన కూడా లిపి ఇదే, భాష ఇదే, కాకపోతే మాట తీరులోనూ పదాల్లోనూ చాలా తేడాలొచ్చాయి. ఇక్కడ కొరియన్ మాటల్ని తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. అవి దగ్గరి ఉచ్చారణ మాత్రమే, అసలు ధ్వని చెవితో విని పట్టుకోవాల్సిందే.

లిపి నుంచి మొదలుపెట్టండి, ఇంగ్లిష్ అక్షరాల జోలికి పోకండి

కొరియన్ లిపి పేరు హంగుల్. జోసొన్ వంశపు రాజు సేజోంగ్ 1443లో దాన్ని రూపొందించి, 1446లో ప్రజలకు ప్రకటించాడు. అంతవరకూ వాళ్లు చైనా అక్షరాలతోనే రాసుకునేవారు. వేల గుర్తులు నేర్వడం పొలం పనులు చేసుకునేవాళ్లకు సాధ్యమయ్యే పని కాదు. తమ బాధ రాసి చెప్పుకోలేని మామూలు జనం కోసమే ఈ అక్షరాలు చేశానని రాజు స్వయంగా ముందుమాటలో చెప్పుకున్నాడు. తెలివైనవాడు పొద్దెక్కేలోపు నేర్చుకుంటాడని, మందబుద్ధి అయినా పది రోజుల్లో నేర్వగలడని ఆ లిపిని వివరిస్తూ అప్పుడే వెలువరించిన గ్రంథంలో ఉంది.

ఆ మాటలో అతిశయోక్తి లేదు. హల్లుల ఆకారాలు మన నోటి లోపలి బొమ్మలే. ‘గ’ గుర్తు నాలుక మొదలు పైకి లేచి గొంతును అడ్డుకునే ఆకారం. ‘న’ గుర్తు నాలుక కొస పైపళ్ల వెనక తాకే ఆకారం. ‘మ’ మూసిన నోరు, చిన్న చదరంగా గీస్తారు. ఊపిరి గట్టిగా వదలాల్సిన ధ్వనికి ఒక గీత అదనంగా చేరుస్తారు, అంటే ‘గ’కు గీత చేరిస్తే ‘ఖ’ అవుతుంది. అచ్చులు మూడు గుర్తుల నుంచి వచ్చాయి: ఆకాశానికి చుక్క, భూమికి అడ్డగీత, మనిషికి నిలువుగీత. సేజోంగ్ కాలంలో మొత్తం 28 అక్షరాలు. ఇప్పుడు వాడుకలో మూలాక్షరాలు 24, అంటే 14 హల్లులు, 10 అచ్చులు. జంట అక్షరాలు కలిపితే 40.

అక్షరాలను పక్కపక్కన కాకుండా ఒక్కో పలుకుకు ఒక్కో గడిలా కూరుస్తారు. హల్లు, దాని పక్కనో కిందో అచ్చు, అడుగున మరో హల్లు. గుణింతాలు, ఒత్తులు రాసిన చేతికి ఇది కొత్తగా అనిపించదు. అయితే ఇక్కడే మన పిల్లలు తడబడతారు. తెలుగులో కింద రాసే ఒత్తును అచ్చు కంటే ముందు పలుకుతాం, ‘క్ల’లో ‘ల’ తర్వాతే ‘అ’ వస్తుంది. కొరియన్‌లో అడుగున ఉన్న హల్లు అచ్చు అయిపోయాక చివర్లో వస్తుంది. దాన్ని బాచిమ్ అంటారు. మొదటి వారం దీని మీదే దృష్టి పెట్టండి.

ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన కొరియన్ చదవడం అలవాటైతే తర్వాత వదిలించుకోవడం చాలా కష్టం. అలా రాసేవాళ్లు ఒకే ధ్వనిని మూడు రకాలుగా రాస్తారు. సీరియల్ పేర్లయినా సరే హంగుల్‌లోనే చదవండి.

ఈ లిపి చరిత్ర కొంచెం తెలుసుకోవడం అవసరం, ఎందుకంటే కొరియన్లకు దాని మీద ఉన్న ప్రేమ అక్కడి నుంచే వచ్చింది. 1444లోనే ఆస్థాన పండితులు దీన్ని వ్యతిరేకిస్తూ రాజుకు విన్నపం రాశారు. తర్వాత వందల ఏళ్లు పెద్దమనుషులు చైనా అక్షరాలే వాడితే, ఆడవాళ్లు, మామూలు జనం ఉత్తరాల్లో, కథల్లో హంగుల్‌ను బతికించారు. 1910 నుంచి 1945 వరకు కొరియా జపాన్ ఏలుబడిలో ఉంది. ఆ పాలన చివరి ఏళ్లలో బళ్లలో కొరియన్ లేకుండా చేశారు. నిఘంటువు తయారుచేస్తున్న భాషా సంఘం వాళ్లను 1942లో జైల్లో పెట్టారు. వాళ్ల చేతిరాత ప్రతి పోయిందనుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1945 సెప్టెంబరులో సియోల్ రైల్వే స్టేషన్ గోదాములో ఆ కాగితాలు దొరికాయి. ఏటా అక్టోబరు 9న హంగుల్ దినం, దేశమంతా సెలవు. విదేశీయుడు వంకర అక్షరాలతో నాలుగు ముక్కలు రాసినా అక్కడి పెద్దవాళ్ల ముఖం ఎందుకు వెలుగుతుందో ఈ కథ తెలిస్తే అర్థమవుతుంది.

వ్యాకరణం: మనం సగం దూరం వచ్చేసి ఉన్నాం

ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లకు కొరియన్ రావాలంటే సుమారు 2200 గంటల తరగతులు కావాలని అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ లెక్క. ఇంటర్నెట్‌లో ఆ అంకె చూసి భయపడకండి, అది మన లెక్క కాదు.

‘నేను నిన్న కొన్న పుస్తకం’ అనే మాట తీసుకోండి. కొరియన్‌లో ‘నేగా ఒజే సాన్ చేక్’. నేగా అంటే నేను, ఒజే అంటే నిన్న, సాన్ అంటే కొన్న, చేక్ అంటే పుస్తకం. ఒక్క ముక్క కూడా అటూ ఇటూ జరపక్కర్లేదు. ఇంగ్లిష్ మీదుగా కొరియన్ నేర్చుకునేవాళ్లు ఈ ఒక్క నిర్మాణం మీద నెలల తరబడి కూర్చుంటారు. క్రియ చివర్లో రావడం, ‘బడికి’, ‘ఊళ్లో’, ‘నాతో’ లాగా విభక్తి పేరు తర్వాత అతుక్కోవడం, తెలిసిన కర్తను వదిలేయడం, అన్నీ మన పద్ధతే.

ఇంకా లోపలికి వెళ్తే ఆశ్చర్యం వేస్తుంది. రుచి చూడమనడానికి మనం ‘తిని చూడు’ అంటాం. వాళ్లూ ‘మొగొ బ్వా’ అంటారు, మొగొ అంటే తిని, బ్వా అంటే చూడు. ‘వస్తానని అన్నాడు’లో మనం ‘అని’ పెట్టినట్టే వాళ్లు ‘గో’ పెట్టి ‘ఓందాగో హేస్సొయో’ అంటారు. కొన్నిచోట్ల మన కంటే తేలిక. మనకు వెళ్తాను, వెళ్తాడు, వెళ్తుంది అని మనిషిని బట్టి క్రియ మారుతుంది. వాళ్లకు ‘గాయో’ అన్న ఒక్క రూపం అందరికీ సరిపోతుంది.

అందుకని నా సలహా ఇది: ఇంగ్లిష్ పుస్తకం చదివినా, వాక్యాన్ని మనసులో తెలుగులోంచే కొరియన్‌లోకి కట్టండి. మధ్యలో ఇంగ్లిష్‌ని దూర్చితే సులువైన దారి వదిలేసినట్టే.

చిక్కు ఉన్నచోటు కూడా చెప్పాలి. కర్త పక్కన ‘నున్’ పెట్టాలా, ‘గా’ పెట్టాలా అన్నది ఏళ్ల తరబడి వేధిస్తుంది. ‘కాఫీ అయితే తాగుతాను’ అనేటప్పుడు మనం వాడే ‘అయితే’ లాంటి పని ‘నున్’ చేస్తుందని పట్టుకుంటే మొదట్లో చాలా చోట్ల గట్టెక్కుతారు. ఇంకొకటి అంకెలు. వాళ్లకు రెండు వరసలున్నాయి, ఒకటి సొంతది, రెండోది చైనా నుంచి వచ్చింది. గడియారంలో గంటలు సొంత అంకెలతో, నిమిషాలు చైనా అంకెలతో చెప్పాలి. దీనికి కిటుకు ఏమీ లేదు, అలవాటే.

‘మరి కొరియన్‌కు, దక్షిణ భారత భాషలకు చుట్టరికం ఉందట కదా’ అని చాలామంది అడుగుతారు. అమ్మను ‘ఒమ్మా’, నాన్నను ‘అప్పా’ అంటారని చూపిస్తారు. హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ 1905లోనే కొరియన్‌ను ద్రావిడ భాషలతో పోల్చి పుస్తకం రాశాడు. కానీ నేటి భాషాశాస్త్రవేత్తలు ఆ చుట్టరికాన్ని ఒప్పుకోరు. నిర్మాణం కలిసినంత మాత్రాన మూలం ఒకటే అనడానికి లేదు. అలాగే, సముద్రం దాటి వచ్చి, ప్రాచీన కొరియా రాజ్యం గాయాను ఏలిన సురోను పెళ్లాడిన రాణి హొ హ్వాంగ్-ఓక్ కథ ‘సామ్‌గుక్ యుసా’ అనే 13వ శతాబ్దపు గ్రంథంలో ఉంది. ఆమె ‘అయుతా’ దేశం నుంచి వచ్చిందని ఆ గ్రంథం అంటుంది. దాన్నే అయోధ్య అని కొందరు నమ్ముతారు, 2001లో అక్కడ స్మారకం కూడా కట్టారు. కొరియాలో గిమ్హే కిమ్ వంశంవాళ్లు ఆమెను తమ మూలపుటమ్మగా చెప్పుకుంటారు. ఎవరైనా ఈ కథ ఎత్తితే గౌరవంగా వినండి, చరిత్రగా మాత్రం వాదించకండి.

ఉచ్చారణ: అసలు కష్టం ఇక్కడే

దాల్ అంటే చంద్రుడు, త్తాల్ అంటే కూతురు, థాల్ అంటే ముసుగు. కొరియన్‌లో హల్లులకు ఇలా మూడు వరసలుంటాయి. మనకు త, థ, ద ఉన్నాయి కాబట్టి సులువనుకుంటాం. కానీ హద్దులు వేరేచోట గీసి ఉన్నాయి. మన మామూలు ‘త’ వాళ్ల బిగించి పలికే రెండో ధ్వనికి దగ్గర. వాళ్ల మొదటి ధ్వని పదం మొదట్లో ‘ద’లా కంఠం నుంచి రాదు, కొద్దిగా ఊపిరి కలిసి ‘త’కూ ‘థ’కూ నడుమ ఉంటుంది. ఇప్పటి సియోల్ యాసలో ఇంకో ఆనవాలు ఉంది: మొదటి వరస మాట తగ్గు స్వరంతో మొదలవుతుంది, మిగతా రెండూ హెచ్చు స్వరంతో. నోటితో తేడా రాకపోతే గొంతు ఎత్తుతో రప్పించండి. నా దగ్గర నేర్చుకునేవాళ్లకు ఎక్కువగా పనిచేసింది ఇదే.

రెండోది మన అజంత భాష అలవాటు. బస్సు, పెన్ను, ట్యాంకు అని ప్రతి మాట చివరా ‘ఉ’ తగిలించే నోరు మనది. అన్నాన్ని వాళ్లు ‘బాప్’ అంటారు, పెదవులు మూసి అక్కడే ఆపేయాలి, గాలి బయటికి రాకూడదు. మనం ‘బాపు’ అంటే వాళ్లకు అది రెండు పలుకుల వేరే మాటలా వినిపిస్తుంది. అద్దం ముందు నిలబడి పెదవులు విడిపోకుండా సాధన చేయాలి.

మూడోది సంధి. రాసేది ‘గుక్’ పక్కన ‘ముల్’, చదివేది ‘గుంగ్‌ముల్’. రాసేది ‘హాప్‌నిదా’, పలికేది ‘హామ్‌నిదా’. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లకు ఇది అర్థం కాని నియమాల పట్టిక. మీరు హైస్కూలు తెలుగు వాచకం గుర్తు చేసుకోండి: జగత్, నాథుడు కలిస్తే జగన్నాథుడు, వాక్కుకు మయం చేరితే వాఙ్మయం. అనునాసిక సంధి నూటికి నూరుపాళ్లు ఇదే సూత్రం.

పదాల గురించి ఒక్కమాట. కొరియన్ పదాల్లో సగానికి పైగా చైనా మూలం నుంచి వచ్చినవే. ‘హక్’ అంటే చదువు అని తెలిస్తే హక్‌సేంగ్ విద్యార్థి, హక్క్యో బడి, దేహక్ విశ్వవిద్యాలయం, హాగ్వొన్ కోచింగ్ సెంటర్, అన్నీ గొలుసులా వస్తాయి. పదాలను విడివిడిగా బట్టీ పట్టకుండా ఇలా మూలాలు పట్టుకోండి.

క్రియ చివర మనిషి ఉంటాడు

ఇప్పుడు నేను ముఖ్యమనుకునే భాగానికొచ్చాం.

కొరియన్‌లో మర్యాద స్థాయిలు చాలా ఉన్నాయి గానీ మొదట్లో మూడు తెలిస్తే చాలు. సభలో, ఇంటర్వ్యూలో, ఆఫీసు మీటింగుల్లో ‘నిదా’తో ముగించేది. బయట అందరితో ‘యో’తో ముగించేది. దగ్గరి స్నేహితులతో, చిన్నవాళ్లతో వాడే చనువు భాష, దాన్ని బాన్‌మాల్ అంటారు. వీటికి తోడు, మనం ఎవరి గురించి మాట్లాడుతున్నామో వాళ్లను గౌరవించడానికి క్రియ మధ్యలో ‘సి’ చేరుస్తారు. కొన్ని మాటలైతే పూర్తిగా మారిపోతాయి. స్నేహితుడు తినేది ‘బాప్’, తాతగారు తినేది ‘జింజి’.

మా దగ్గర ఒక ఫ్యాక్టరీలో జరిగింది చెప్తాను. సీరియళ్లు చూసి బాగానే మాట్లాడ్డం నేర్చుకున్న కుర్ర ఇంజినీరు ఒకడు ఉన్నాడు. ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో సియోల్ నుంచి వచ్చిన పెద్ద అధికారి మా బల్ల దగ్గర కూర్చున్నారు. ఈ అబ్బాయి ఎంతో అభిమానంగా, నవ్వుతూ ‘బాప్ మొగొస్సొ?’ అన్నాడు. తిన్నావా అని. అధికారి చేతిలో చాప్‌స్టిక్స్ ఆగిపోయాయి. పక్కనున్న కొరియన్లు తలెత్తకుండా సూప్ తాగుతూ ఉండిపోయారు. ఆయన మంచివారు, తలూపి ఊరుకున్నారు. సాయంత్రం ఆ అబ్బాయితో కూర్చుని చెప్పాను: మీ నాన్నగారి వయసాయన్ని కొత్తగా కలిసి ‘తిన్నావురా?’ అంటావా? అనవు. ‘భోంచేశారా?’ అంటావు. కొరియన్‌లో ఆ మాట ‘సిక్సా హాస్యొస్సొయో?’ మర్నాడు వాడు ఆ మాటే అన్నాడు, ఆయన తన పళ్లెంలోంచి ఒక ముక్క తీసి వాడి పళ్లెంలో పెట్టారు. తిన్నారా అని అడగడం మనకెంత పలకరింపో వాళ్లకూ అంతే, అందులో తప్పేమీ లేదు. ముగింపు ఒక్కటే తేడా.

సీరియళ్ల నుంచి చెవికి అలవాటు తెచ్చుకోండి, వాక్యాల ముగింపులు మాత్రం తెచ్చుకోకండి. తెర మీద ప్రేమికులు, స్నేహితులు, తగవులాడుకునేవాళ్లు మాట్లాడేది ఎక్కువగా బాన్‌మాల్. మీరు మొదటి ఏడాది అందరితోనూ ‘యో’తోనే మాట్లాడండి, ఎక్కడా ఇబ్బంది రాదు.

‘నువ్వు’, ‘మీరు’ అనే సర్వనామాలు కూడా వీలైనంత వదిలేయండి. నిఘంటువులో ‘మీరు’కు ‘దాంగ్‌షిన్’ అని ఉంటుంది. దాన్ని భార్యాభర్తలు వాడుకుంటారు, లేదా రోడ్డు మీద గొడవపడేవాళ్లు వాడతారు. ఆఫీసులో ఇంటిపేరు, హోదా, చివర ‘నిమ్’ కలిపి పిలవాలి: కిమ్ బుజాంగ్‌నిమ్, పార్క్ గ్వాజాంగ్‌నిమ్. హోదా తెలియని పెద్దవాళ్లను ‘సొన్‌సేంగ్‌నిమ్’ అనొచ్చు. అసలు అర్థం గురువుగారు అని.

ఇంటి వరసలు మనవాళ్లకు త్వరగా ఎక్కుతాయి, ఒక మెలిక ఉంది. పిలిచేవాళ్లు ఆడా, మగా అన్నదాన్ని బట్టి మాట మారుతుంది. అన్నయ్యను చెల్లెలు ‘ఒప్పా’ అంటుంది, తమ్ముడు ‘హ్యొంగ్’ అంటాడు. అక్కను చెల్లెలు ‘ఒన్నీ’ అంటే తమ్ముడు ‘నూనా’ అంటాడు. మగపిల్లలు ‘ఒప్పా’, ‘ఒన్నీ’ అనకూడదు. ఇంకో సంగతి, అక్కడి అమ్మాయిలు ప్రేమించినవాడిని కూడా ‘ఒప్పా’ అంటారు. మనకు అన్నయ్య అనేస్తే ఆ దారి మూసుకుపోయినట్టే కదా, అందుకే మన అమ్మాయిలు ఆఫీసులో సీనియర్లను అభిమానంగా ‘ఒప్పా’ అని పిలిచి చిక్కుల్లో పడతారు. ఆఫీసులో ఆ మాట వద్దు.

పరిచయమైన కాసేపటికే మీరు ఏ సంవత్సరంలో పుట్టారని అడుగుతారు. కూపీ లాగుతున్నారని అనుకోవద్దు. ఏ మర్యాద స్థాయిలో మాట్లాడాలో తేలాలంటే వాళ్లకు అది తెలియాలి. ‘చింగు’ అంటే స్నేహితుడు అని పుస్తకాలు చెప్తాయి, కానీ మామూలుగా ఆ మాట ఒకే ఏడు పుట్టినవాళ్లకే. రెండేళ్లు పెద్దయితే ఎంత ప్రాణమిచ్చే స్నేహమైనా హ్యొంగో, ఒన్నీయో అవుతారు. పాత లెక్కలో బిడ్డ పుట్టగానే ఒక ఏడు, కొత్త సంవత్సరం రాగానే ఇంకో ఏడు వచ్చేవి. 2023 జూన్ 28 నుంచి చట్టం ప్రకారం అందరిలాగే పుట్టినరోజు లెక్క అమలు చేశారు. ఇళ్లలో పెద్దవాళ్లు ఇంకా పాత వయసే చెప్తుంటారు.

పండుగలు, పెద్దలు

పెద్ద పండుగలు రెండు. చాంద్రమానం కొత్త సంవత్సరం సొల్లాల్, ఎనిమిదో నెల పౌర్ణమి నాటి చుసొక్. రెండింటికీ ఊళ్లకు ప్రయాణాలు, రైలు టికెట్లకు పోటీ, హైవేల మీద గంటల కొద్దీ నిలిచిపోయిన కార్లు. సొల్లాల్ నాడు బియ్యప్పిండి బిళ్లలు వేసిన సూప్ త్తొక్కుక్ తింటారు, పిల్లలు పెద్దలకు నేల మీద వంగి నమస్కరిస్తారు, పెద్దలు డబ్బులిస్తారు. ఆ నమస్కారానికీ పద్ధతి ఉంది. మగవాళ్లకు ఎడమ చేయి పైన, ఆడవాళ్లకు కుడి చేయి పైన ఉండాలి. బతికున్నవాళ్లకు ఒకసారి, పోయినవాళ్లకు రెండుసార్లు. బతికున్న పెద్దాయనకు పొరపాటున రెండుసార్లు వంగితే ఇల్లంతా ఉలిక్కిపడుతుంది.

చదువుకునే రోజుల్లో ఒక చుసొక్‌కు తోటి విద్యార్థిని ఒకామె నన్ను వాళ్ల అమ్మమ్మగారి ఊరికి తీసుకెళ్లింది, గ్యొంగ్‌సాంగ్ ప్రాంతంలో కొండల మధ్య పల్లె. ముందురోజు ఆడవాళ్లందరూ నేల మీద చుట్టూ కూర్చుని సోంగ్‌ప్యొన్ చేశారు. వేడినీళ్లతో తడిపిన బియ్యప్పిండి ముద్దను బొటనవేలితో గుంట చేసి, నువ్వులు, తేనె కలిపిన పూర్ణం పెట్టి, అర్ధచంద్రంలా నొక్కడం. పాత్రలో పైన్ ఆకులు పరిచి, వాటి మీద ఆవిరికి ఉడికిస్తారు. గది నిండా ఆ ఆకుల వాసన. అందంగా చేసినవాళ్లకు అందమైన కూతురు పుడుతుందని నానుడి. తెల్లారి చార్యే, అంటే పెద్దలకు పెట్టడం. బల్ల మీద ఎర్రటి పళ్లు తూర్పు వైపు, తెల్లటివి పడమర వైపు. పీచ్ పండు పెట్టరు, దానికి ఆత్మలను తరిమే గుణం ఉందని నమ్మకం. ఆ వంటల్లో కారం, వెల్లుల్లి వేయరు. తర్వాత కొండ మీది సమాధుల దగ్గరికి వెళ్లి మొక్కారు. పండుగకు ముందే వెళ్లి అక్కడి గడ్డి కోసి శుభ్రం చేయడం కొడుకుల బాధ్యత.

ఇప్పుడు చాలా ఇళ్లలో ఇవన్నీ తగ్గిపోయాయి. క్రైస్తవ కుటుంబాలు ప్రార్థనతో సరిపెడతాయి. వంట భారమంతా కోడళ్ల మీదే పడుతోందని ఆడవాళ్లు గట్టిగా ప్రశ్నిస్తున్నారు, కొందరు పండుగ సెలవుల్లో విదేశాలకు వెళ్లిపోతున్నారు. కాబట్టి పుస్తకంలో చదివింది ప్రతి కొరియన్ ఇంట్లో ఉంటుందని అనుకోకండి.

బిడ్డ మొదటి పుట్టినరోజు దోల్ చూస్తే మీకు అన్నప్రాశన గుర్తొస్తుంది. బిడ్డ ముందు దారపు ఉండ, డబ్బు, పెన్సిల్, పుస్తకం లాంటివి పెట్టి ఏది పట్టుకుంటుందో చూస్తారు. దారం పట్టుకుంటే నిండు నూరేళ్లు. ఈమధ్య డాక్టర్ల స్టెతస్కోపు, జడ్జిగారి సుత్తి కూడా పెడుతున్నారు.

ఒక హెచ్చరిక. మేనరికం గురించి మాట్లాడేటప్పుడు జాగ్రత్త. కొరియా చట్టం ఎనిమిదో అంచె వరకు, అంటే బాగా దూరపు చుట్టాల దాకా, రక్తసంబంధీకుల పెళ్లిని నిషేధించింది. ఒకప్పుడు ఒకే వంశమూలం, ఒకే ఇంటిపేరు ఉంటే ఎంత దూరపువాళ్లయినా పెళ్లి కుదిరేది కాదు, మన సగోత్రం పట్టింపు లాంటిదే. ఆ నిషేధం చెల్లదని 1997లో రాజ్యాంగ న్యాయస్థానం చెప్పింది. మేనమామ కూతురిని చేసుకోవడం మా వైపు మామూలే అని భోజనాల దగ్గర యథాలాపంగా అంటే వాళ్లు నిర్ఘాంతపోతారు. వివరంగా చెప్పే తీరిక ఉన్నప్పుడే ఎత్తండి.

భోజనం దగ్గర

పెద్దవాళ్లు చెంచా ఎత్తాకే మనం ఎత్తాలి. అన్నం, సూప్ చెంచాతో, కూరలు చాప్‌స్టిక్స్‌తో. గిన్నె చేత్తో ఎత్తి తినరు. చాప్‌స్టిక్స్ అన్నంలో నిలువుగా గుచ్చకూడదు, అది పోయినవాళ్లకు పెట్టే తీరు. ఏది ఇచ్చినా, పుచ్చుకున్నా రెండు చేతులతో. పెద్దల ఎదుట తాగాల్సి వస్తే ముఖం పక్కకు తిప్పుకుంటారు. తాగకపోతే గ్లాసు రెండు చేతులతో పట్టుకుని మంచినీళ్లు పోయించుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు.

శాకాహారులు ఇది జాగ్రత్తగా చదవండి. ‘గోగి’ లేకుండా ఇవ్వండి అని చెప్తే సరిపోదు. గోగి అంటే వాళ్లకు మాంసం, చేప అందులోకి రాదు. కూరగాయల సూప్ అని ఇచ్చినదాంట్లో నీళ్లు ఎండు నెత్తళ్లు మరిగించినవి కావచ్చు. కిమ్చీలో మామూలుగా పులియబెట్టిన చేపల రసం, ఉప్పు రొయ్యలు ఉంటాయి. చేప, రొయ్య, గుడ్డు, మాంసపు నీళ్లు అని ఒక్కోటీ పేరు పెట్టి వద్దనాలి. ఆ వాక్యాన్ని హంగుల్‌లో రాసుకుని ఫోన్‌లో ఉంచుకోండి. బౌద్ధ ఆరామాల వంట మాత్రం పూర్తి శాకాహారం, ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు.

కిమ్చీ గురించి చాలామందికి తెలుసు గానీ, కిమ్‌జాంగ్ గురించి తక్కువ తెలుసు. చలికాలం ముందు చుట్టుపక్కలవాళ్లు, చుట్టాలు కలిసి ఆ చలికాలానికి సరిపడా కిమ్చీ పెట్టుకుని పంచుకోవడం. 2013లో యునెస్కో దీన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. కిమ్చీ అనే పదార్థాన్ని కాదు, ఆ కలిసి చేసి పంచుకునే ఆచారాన్ని గుర్తించింది. అవకాశం దొరికితే కిమ్‌జాంగ్‌లో కూర్చోండి, వంటింట్లో పెద్దవాళ్ల నోట వచ్చే భాష ఏ పాఠంలోనూ దొరకదు.

ఉద్యోగం, పరీక్ష

కొరియన్ భాష ఎంత వచ్చో తేల్చే టోపిక్ అనే పరీక్ష రాయాలి. మొదటి భాగంలో 1, 2 స్థాయిలు, వినడం, చదవడం మాత్రమే, 200 మార్కులు. 80 వస్తే ఒకటో స్థాయి, 140 వస్తే రెండోది. రెండో భాగంలో 3 నుంచి 6 వరకు, రాయడం కూడా ఉంటుంది, 300 మార్కులు. ఫలితం రెండేళ్లు చెల్లుతుంది. రోజూ గంటన్నర తప్పకుండా కూర్చుంటే ఏడాదిలోపు రెండో స్థాయి అందుతుంది.

కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో పెనుకొండ దగ్గర ఉత్పత్తి మొదలుపెట్టాక చుట్టూ విడిభాగాల కంపెనీలు వచ్చాయి, ఇంటర్‌ప్రెటర్ల అవసరం పెరిగింది. నాలుగో స్థాయి లేకుండా ఆ పని చేయడం కష్టం. స్థాయి ఉన్నా షాప్‌ఫ్లోర్ మాటలు విడిగా నేర్చుకోవాలి. బాడీ మీద గీత పడితే నిఘంటువులో ఒక మాట ఉంటుంది, లైన్ మీద మాత్రం అందరూ జపనీస్ నుంచి వచ్చిన ‘గిసు’ అంటారు. కామర్స్ చదువుతున్నా, ఇంజినీరింగ్ చదువుతున్నా మీ సబ్జెక్టు వదలకండి. భాష ఒక్కటే ఉన్నవాళ్ల కంటే సబ్జెక్టుతో పాటు భాష ఉన్నవాళ్లకు గిరాకీ ఎక్కువ.

పై చదువుకు కొరియా ప్రభుత్వ స్కాలర్‌షిప్ జీకేఎస్ ఉంది, మామూలుగా మొదటి ఏడాది భాషా శిక్షణ ఇచ్చి, మూడో స్థాయి వచ్చాకే కోర్సులోకి పంపుతారు. మరొకటి గట్టిగా చెప్పాలి. విదేశీ కార్మికులను పనికి తీసుకునే ఈపీఎస్ కింద కొరియా ఫ్యాక్టరీలో పని ఇప్పిస్తామని డబ్బు అడిగే ఏజెంట్లను నమ్మకండి. అది ప్రభుత్వాల మధ్య ఒప్పందంతో నడిచే పథకం. నేపాల్, శ్రీలంక, బంగ్లాదేశ్ అందులో ఉన్నాయి, నేను ఇది రాసేనాటికి మన దేశం లేదు.

కోచింగ్ చేరాలా అన్న సంగతి. మొదటి రెండు స్థాయిలకు అక్కర్లేదు. సేజోంగ్ ఇన్‌స్టిట్యూట్ ఆన్‌లైన్ పాఠాలు ఉచితం, కొరియా జాతీయ భాషా సంస్థ నిఘంటువులో మాటల ఉచ్చారణ వినొచ్చు. మూడో స్థాయి నుంచి మీ వ్యాసం దిద్దే మనిషి కావాలి, అప్పుడు డబ్బు పెట్టండి. చేరేముందు టీచర్‌ను ఒకటే అడగండి: నేను రాసింది మీరే దిద్దుతారా, లేక వీడియోలు చూసుకోమంటారా? దిద్దుతామన్న చోటే చేరండి.